టెలికాన్ఫరెన్స్‌లో మాట ఎక్కడ తెగుతుంది?

టెలికాన్ఫరెన్స్ మనకు పాత పరిచయమే. 1995–2004 మధ్య చంద్రబాబునాయుడు ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కలెక్టర్లతో దూరం నుంచే జరిపే సమీక్షలు తరచూ వార్తల్లో ఉండేవి. ఇప్పుడా పద్ధతి కలెక్టరేట్ దాటి మండలాఫీసుకు, అక్కణ్నుంచి గ్రామస్థాయి ఉద్యోగి సెల్‌ఫోనుకు దిగింది. ధాన్యం కొనుగోళ్ల సీజన్‌లో జాయింట్ కలెక్టర్ (జేసీ) లైన్లోకి వస్తే తహసీల్దార్లు, సొసైటీ కార్యదర్శులు, సివిల్ సప్లైస్ వాళ్లు అంతా చెవులకు ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. గంటసేపు నడుస్తుంది. అయ్యాక ఒకరికొకరు ఫోన్ చేసుకుని, "ఇంతకీ సార్ ఏం చెప్పారండీ?" అని అడుగుతారు.

తప్పంతా సిగ్నల్‌దే అనుకుంటాం. అందులో సగమే నిజం. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఒకరు మాట ముగించడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య ఉండే ఖాళీ చాలా చిన్నది. పది భాషల సంభాషణలను కొలిచి 2009లో ప్రచురించిన పరిశోధనలో అది సగటున సెకనులో అయిదో వంతు, అంటే 200 మిల్లీసెకన్లు, అటూ ఇటూగా తేలింది. ఇక ఫోన్ సంగతి. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం. సెల్‌ఫోన్ నుంచి టవర్‌కి, అక్కణ్నుంచి కాన్ఫరెన్స్ బ్రిడ్జ్‌కి, మళ్లీ ఇంకో సెల్‌ఫోన్‌కి వెళ్లే మాట ఆ హద్దును సులువుగా దాటేస్తుంది. నాకు నిశ్శబ్దంగా వినిపించిన క్షణంలో మీరు అప్పటికే మాట మొదలుపెట్టి ఉంటారు. ఇద్దరం ఢీకొంటాం, ఇద్దరం ఆగుతాం. "చెప్పండి చెప్పండి." "లేదు సార్, మీరు చెప్పండి." ఇందులో ఎవరి మర్యాదకూ లోపం లేదు, లైన్ స్వభావమే అంత.

బ్రిడ్జ్ ఏం చేస్తుందో తెలిస్తే ఇంకొన్ని చిక్కులు విడిపోతాయి. అందరి లైన్లూ అక్కడ కలుస్తాయి. అది గొంతులన్నిటినీ కలిపి, ఎవరి గొంతు వాళ్లకు మినహాయించి, మిగతాది తిప్పి పంపుతుంది. చాలా బ్రిడ్జ్‌లు ఆ క్షణాన గట్టిగా వినిపించే రెండు మూడు లైన్లనే తీసుకుంటాయి. మ్యూట్ చేయని ఒక ఫోన్ పక్కన లారీ హారన్ మోగితే, ఆ రెండు మూడు చోట్లలో ఒకటి లారీకే దక్కుతుంది. మధ్యలో వేరే కాల్ వచ్చిందని కాన్ఫరెన్స్‌ను హోల్డ్‌లో పెట్టేవాళ్లు మరీ ప్రమాదం. వాళ్ల లైన్లో హోల్డ్ పాట ఉంటే జిల్లా అంతా దాన్ని వినాల్సిందే. పెట్టేసి మళ్లీ కలవడమే నయం. ఎకో విషయంలో అందరూ పొరబడతారు. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తోందంటే సాధారణంగా లోపం మీ ఫోన్లో ఉండదు. ఎవరో స్పీకర్ పెద్దగా పెట్టుకున్నారు, అందులోంచి వచ్చే మీ మాటను వాళ్ల మైకు మళ్లీ పట్టుకుంటోంది. ఆ మనిషికి మాత్రం అంతా బాగానే వినిపిస్తుంటుంది. కాబట్టి "నాకు ఎకో లేదండీ" అన్నవాళ్లనే ముందు మ్యూట్ చేయమనాలి.

అన్నిటికంటే ఖరీదైన పొరపాట్లు అంకెల దగ్గర జరుగుతాయి. మాట లేనప్పుడు లైన్‌ను ఖాళీగా ఉంచే ఏర్పాటు చాలా ఫోన్ వ్యవస్థల్లో ఉంటుంది. గొంతు వినపడగానే అది తెరుచుకోవాలి. తెరుచుకునే లోపు మొదటి అక్షరం పోయిందనుకోండి, ఇరవై అన్నా "రవై", అరవై అన్నా "రవై". కార్యదర్శి అడిగినవి ఇరవై వేల గోనె సంచులు, రాసుకున్నవి అరవై వేలు. ఒక కొనుగోలు కేంద్రంలో సంచుల గుట్ట, ఇంకో కేంద్రంలో ధాన్యం నేలమీద, పైన మబ్బు. అందుకే "రెండు, సున్నా... ఇరవై వేలు" అని విడదీసి చెప్పాలి, విన్నవాళ్లు తిరిగి చదవాలి. అసలు మాటకు ముందు "సార్" అనో "అండీ" అనో ఒక పిలుపు వేయడమూ మంచిదే. తెగితే అదే తెగుతుంది.

ఇక కాల్ నడిపే పెద్దమనిషి సంగతి. ముఖాలు కనబడవు గనక, కళ్లు చేసే పని పేర్లు చేయాలి. "తేమ 17 శాతం దాటిన ధాన్యం ఎంతుంది, ఎవరైనా చెప్తారా?" అని అడిగితే ఎవరూ చెప్పరు, లేదా నలుగురు ఒకేసారి చెప్తారు. "మూడో కేంద్రం కార్యదర్శి గారూ" అని ముందు పిలిచి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత ప్రశ్న వేయాలి. పేరు చివర్లో పెడితే ఆయన ఉలిక్కిపడి "సార్, మళ్లీ చెప్పండి" అంటారు. పిలిచాక లోపల మూడు లెక్కపెట్టేదాకా ఆగాలి. ఆయన మ్యూట్ తీయాలి కదా!

మాట్లాడే వరస కూడా కింది నుంచే రావాలి. బ్రిటన్ సైనిక కోర్టుల్లో తక్కువ హోదా సభ్యులు ముందు ఓటు చెప్తారు, పైవాళ్ల మాట విని మొగ్గకుండా. మన ఆఫీసుల్లో ఆ అవసరం ఇంకా ఎక్కువ. జేసీ గారు "సంచులకు కొరత లేదు కదా?" అన్నాక, కొరత ఉందని చెప్పే కార్యదర్శి ఏ మండలంలో ఉంటాడు? ఫోన్లో మౌనాన్ని అంగీకారం కింద రాసుకోకూడదు. ఆయన కాల్‌లోంచి జారిపోయి ఉండొచ్చు, పొలంగట్టు మీద టవర్ కోసం వెతుక్కుంటూ ఉండొచ్చు.

నిజానికి మన టెలికాన్ఫరెన్సుల్లో చాలావాటికి ఫోనే అక్కర్లేదు. పై నుంచి ఒకాయన మండలాలవారీ పట్టిక చదువుతాడు, వెనకబడినవాళ్లను నలుగురిలో మందలిస్తాడు, పెట్టేస్తాడు. పట్టికైతే వాట్సాప్‌లో పంపొచ్చు, మందలింపైతే విడిగా చేయొచ్చు. ఒకరి జవాబును బట్టి ఇంకొకరి పని మారే విషయాలకే ఇంతమందిని కూర్చోబెట్టాలి. సంచులు ఆలస్యమైతే లారీలను ఏ కేంద్రానికి మళ్లించాలన్నది అలాంటిది. దానికి పావుగంట చాలు.

ఆ పావుగంట చివర రెండు నిమిషాలు తేలినదాన్ని చదవడానికి మిగుల్చుకుని, ఫోన్ పెట్టిన వెంటనే గ్రూపులో పెట్టాలి. "మినిట్స్" అని మూడు పేజీలు అక్కర్లేదు. ఇలా చాలు: "మూడో కేంద్రానికి 20,000 (ఇరవై వేల) సంచులు. పంపేది సివిల్ సప్లైస్ జిల్లా మేనేజర్. గడువు గురువారం మధ్యాహ్నం 12. తేడా ఉంటే ఈ రాత్రి 8 లోపు డిప్యూటీ తహసీల్దార్ (డీటీ) గారికి చెప్పాలి." కింద బొటనవేలు గుర్తులు బారులు తీరతాయి. వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. సంచులు పంపేవాళ్లు, దించుకునేవాళ్లు ఇద్దరూ అంకెను తిరిగి టైపు చేసి పంపేదాకా డీటీ గారు ఫోన్ చేస్తూనే ఉండాలి.