జంటనగరముల లోకల్ బండి

సాయంకాలము కార్యాలయములు విడిచిపెట్టు వేళ ఫతేనగర్ స్టేషనులో నిలిచి చూచినచో ఒక దృశ్యము తరచుగా కనిపించును. ప్లాట్‌ఫారముపై జనము లోకల్ బండికొరకు ఎదురుచూచుచుందురు. ఇంతలో దూరప్రాంతమునుండి వచ్చు ఎక్స్‌ప్రెస్సు ఒకటి ఆగకుండ దూసుకొనిపోవును. ఒక్కొక్కనాడు దాని వెనుకనే సరకుల బండి మెల్లగా సాగును. ఆ పిమ్మటగాని లోకల్ బండి రాదు. “మన ఊరి బండికి మన ఊరిలోనే చోటు లేదా?” యని ఎవరో ఒకరు విసుగుకొందురు. ప్రశ్న సమంజసమైనదే. దీనికి సమాధానము నేటి కాలపట్టికలో దొరకదు. నూటయేబది యేండ్ల చరిత్రను కొంత తిరుగవేయవలసి యున్నది.

బొంబాయినుండి మద్రాసునకు పోవు పెద్ద రైలుదారి నిజాము రాజధానిని తాకక పడమరగా వాడి మీదుగా సాగిపోయినది. ఆ వాడినుండి సికిందరాబాదునకు బ్రాడ్‌గేజి శాఖ వేయబడి, 1874 అక్టోబరులో రాకపోకలు ప్రారంభమైనవి. అప్పటి దివాను మొదటి సాలార్‌జంగు. ధనము నిజాము ప్రభుత్వముది, ఒత్తిడి ఇంగ్లీషువారిది. సికిందరాబాదు వారి దండు విడిసియున్న చోటు. దండునకు త్రోవ కావలెను, వ్యాపారమునకు త్రోవ కావలెను. అందుకొరకు వేసిన దారి యిది. నేడు మనము రాకపోకలు సాగించు లింగంపల్లి, హఫీజ్‌పేట, బేగంపేటలు ఆనాడు నగరమునకు వెలుపలి పల్లెలు. ఉదయము ఉద్యోగమునకు పోయి, సాయంకాలము ఇల్లు చేరు ప్రయాణికుడు ఆ దారి వేసినవారి లెక్కలో లేడు.

ఈ దారి ఎవరికొరకు, ఎవరి సొమ్ముతో అను ప్రశ్న కూడ క్రొత్తది కాదు. దీనిని చాందావైపు పొడిగించుటకు లండనులో మూలధనము సమకూర్చు ఏర్పాటు జరుగుచుండగా, ఆ షరతులను ప్రజలకు తెలియజేయవలెనని 1883లో హైదరాబాదులోని కొందరు విద్యావంతులు ఆందోళన సాగించిరి. వారిలో ముఖ్యులు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ. అడిగినందులకు ఫలముగా ఆయనను నగరమునుండి వెడలగొట్టిరి. 1885లో ఈ రైల్వే లండను కంపెనీ యొకదాని చేతికి పోయినది; ఆ కంపెనీ పెట్టుబడిపై వడ్డీకి నిజాము ప్రభుత్వమే హామీ. 1889నాటికి దారి వరంగల్లు మీదుగా బెజవాడ చేరినది. 1930లోగాని ప్రభుత్వము దీనిని కంపెనీనుండి కొనలేదు.

ఇక రెండవ దారి కథ వేరు. 1899–1901 సంవత్సరముల నడుమ గోదావరి లోయ మీదుగా మన్మాడునకు మీటరుగేజి దారి వేసిరి. 1916లో కాచిగూడ స్టేషను వెలసినది. కాచిగూడనుండి దక్షిణముగా మలక్‌పేట, యాకుత్‌పురా, ఫలక్‌నుమాల మీదుగా మహబూబ్‌నగరమునకు పోవు దారియు మీటరుగేజియే. బ్రాడ్‌గేజిలో రెండు పట్టాల నడుమ ఎడము 1,676 మిల్లీమీటర్లు. మీటరుగేజిలో 1,000 మిల్లీమీటర్లు. ఒకదానిపై నడచు బండి రెండవదానిపై నడువజాలదు. కనుక ఒకే నగరములో పడమటి పేటలది ఒక రైలు లోకము, పాతబస్తీది మరియొక రైలు లోకము. ఫలక్‌నుమాలో ఎక్కి లింగంపల్లిలో దిగుటకు సూటియైన బండి ఉండుటకు వీలులేదు. 1990వ దశకమున ఈ దక్షిణపు దారి బ్రాడ్‌గేజిగా మారినది. నేటి లోకల్ బండికి పునాది పడినది అప్పుడే యని మేము తలచుచున్నాము.

2003 ఆగష్టు 9న ఎం.ఎం.టి.ఎస్. అను పేరుతో ఈ సేవ ప్రారంభమైనది. బహువిధ రవాణా వ్యవస్థ యని ఆ పేరునకు అర్థము. వ్యయమును నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, రైల్వే చెరిసగము భరించినవి. నాంపల్లి, సికిందరాబాదు, లింగంపల్లి, ఫలక్‌నుమాలను ఈ బండ్లు కలిపినవి. 1874నాటి దారియు, తరువాతి మీటరుగేజి దారియు ఒకే ప్రయాణములో చేరినవి. ఈ బండికి వేరుగ ఇంజను తగిలింపరు. కొన్ని పెట్టెల క్రిందనే విద్యుత్తు మోటార్లుండును. అందుచేత ఆగినచోటనుండి త్వరగా వేగమందుకొనును. రెండు చివరలను డ్రైవరు గది యుండుటచే బండిని త్రిప్పవలసిన పనియు లేదు.

బండి మంచిదే. చిక్కు ఎక్కడనున్నదో ఇప్పుడు చూతము. మన నగరములో అధికభాగము డబుల్ లైను. అనగా పోవుటకొకటి, వచ్చుటకొకటి. ఆ రెండింటిమీదనే ఎక్స్‌ప్రెస్సులు, సరకుల బండ్లు, లోకల్ బండ్లు నడువవలెను. రెండు సిగ్నళ్ళ నడుమ భాగములో ఒకసారికి ఒక బండియే ఉండవలెననునది రైలు భద్రతకు మూలసూత్రము. లోకల్ బండి ప్రతి స్టేషనులో ఆగుటకు, మరల వేగమందుకొనుటకు కలిపి రెండు నిమిషములు పోవుననుకొందము. పది స్టేషనులకు ఇరువది నిమిషములు. వెనుక వచ్చు ఎక్స్‌ప్రెస్సు ఆలోగా దానిని అందుకొనును. దాటుటకు వేరు లైను లేదు. కావున ఎక్స్‌ప్రెస్సునకు వేగము తగ్గవలెను, లేదా అది పోవువరకు లోకల్ బండి ఆగియుండవలెను. వందల మైళ్ళు పోవు బండి ఇచ్చట ఆలస్యమైనచో ఆ ఆలస్యము దారిపొడుగునను ప్రాకును. అందువలన నిలుచునది లోకల్ బండియే. ఇది ఏ ఒక్క స్టేషను మాస్టరు దోషమును కాదు.

ఒకే దారిని అందరు పంచుకొనుటలోని జాగ్రత్త ఎంత సున్నితమైనదో 2019 నవంబరు 11న కాచిగూడలో తెలిసివచ్చినది. ఆ ఉదయము లోకల్ బండియు, కర్నూలునుండి వచ్చిన ఎక్స్‌ప్రెస్సును ఎదురెదురుగా ఢీకొన్నవి. డ్రైవరు గదిలో చిక్కుకొనిన లోకల్ బండి డ్రైవరు ఆ గాయములతోనే తరువాత మరణించినారు. ఆ పిమ్మట కరోనా కాలము వచ్చినది. 2020 మార్చిలో నిలిచిన లోకల్ బండ్లు 2021 జూనులోగాని కదలలేదు. తక్కువ టిక్కెట్టుతో పనికి పోవు చిరుద్యోగికి, దినకూలికి ఆ పదునైదు నెలలు ఎట్లు గడచినవో ఊహించుకొనవచ్చును.

రెండవ దశలో వ్యయమునందు మూడింట రెండు వంతులు రాష్ట్రము, ఒక వంతు రైల్వే భరించునట్లు ఒప్పుకొన్నవి. పని నెమ్మదిగా సాగినది. 2019లో రామచంద్రాపురమునకు, 2023 ఏప్రిలులో మేడ్చల్, ఉందానగర్‌లకు, 2024 మార్చిలో ఘట్‌కేసర్‌నకు బండ్లు పొడిగింపబడినవి. ఈ దశలో అన్నిటికంటె గమనింపదగినది మౌలాలి–ఘట్‌కేసర్‌ల నడుమ పని. అచ్చట ఉన్న రెండు లైన్లకు మరి రెండు చేర్చి నాలుగు చేసిరి. 2025 జనవరిలో చర్లపల్లిలో పెద్ద టెర్మినల్ ప్రారంభమగుటచే కొన్ని దూరపు బండ్లు సికిందరాబాదునకు రాకుండ అచ్చటనే ఆగుటకు వీలు కలిగినది. ఈ రెండును సరియైన మందులే. బొంబాయిలో 1925లోనే విద్యుత్ లోకల్ బండ్లు మొదలైనవి. అచ్చట అవి నేడు కొద్ది నిమిషములకొకటిగా నడచుచున్నవన్నచో, ముఖ్యమార్గములపై వాటికి ప్రత్యేకముగా లైన్లుండుటయే ముఖ్యకారణము. మన మెట్రో రైలు 2017 నవంబరునుండి వేళ తప్పక నడచుటకును రహస్యమదే: దాని దారి దానిదే.

కావున శ్రోతలకు మేము విన్నవించునది ఒక్కటి. క్రొత్త బండ్లు ఎన్ని వేసిరను వార్త వచ్చినపుడు సంతోషింతము. కాని, క్రొత్త లైన్లు ఎన్ని వేసిరని వెంటనే అడుగుదము. లైన్లు పెరుగక బండ్లు పెరిగినచో అవి కాలపట్టికలోనే పరుగెత్తును. షరతులు తెలియజేయుడని అడిగినందులకు 1883లో ఒకరు ఊరు విడువవలసివచ్చినది. నేడు అట్టి భయము లేదు. దారికి సొమ్మిచ్చువారమును, ప్లాట్‌ఫారముపై వేచియుండువారమును మనమే గనుక, అడుగుట మన హక్కు.