ముల్లు లేని ముల్లునొప్పి

గొంతునొప్పి అనగానే మన ఇళ్లలో ఉప్పునీటి పుక్కిలింత, మిరియాల కషాయం, పసుపు వేసిన పాలు గుర్తుకు వస్తాయి. చాలా సందర్భాలలో అవి చాలును కూడా. కాని వీటిలో దేనికీ లొంగని గొంతునొప్పి ఒకటున్నది. దాని మూలం కఫంలో కాదు, ఎముక పొడవులో ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం ఒక గృహిణి నా వద్దకు వచ్చారు. "మా ఇంట చేప వండమండీ, అయినా గొంతులో ముల్లు దిగినట్లే ఉంటున్నది" అన్నారు. మింగినా, ఆవులించినా, తల కుడివైపు తిప్పినా నాలుక మొదటి నుండి చెవిలోకి పోటు. ఎరుపు లేదు, వాపు లేదు, జ్వరం లేదు. వాతప్రకోపమని తలచి అతిమధురం, నువ్వులనూనె గండూషం మూడు నెలలు నడిపాను. గుణం లేదు. ఇంటివారు "అంతా మనసులోనే" అనసాగారు. నేనూ ఆ మాటను ఖండించలేదు. అది నా తప్పు.

దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని మూడు పరీక్షలు గురుకులంలో నేర్చినవాడను. వాటిలో స్పర్శను విడిచిపెట్టాను. చాలాకాలం క్రితం టాన్సిల్స్ తీయించుకున్నానని ఆమె ఒకనాడు చెప్పగా, తొడుగు వేసుకొని ఆ గుంటను వేలితో తాకి చూశాను. గట్టి మొన తగిలింది. "అదేనండీ, ఆ నొప్పే!" అని ఆమె కేక వేశారు. వెంటనే చెవి, ముక్కు, గొంతు నిపుణుల వద్దకు పంపాను. సి.టి. స్కాన్‌లో సంగతి తేలింది.

చెవి కింద, పుర్రె అడుగు నుండి సూదివలె దిగే ఎముక మొనను స్టైలాయిడ్ అంటారు. సాధారణంగా అది సుమారు 2.5 సెం.మీ. ఉంటుంది. 3 సెం.మీ. మించితే పొడవైనదిగా లెక్కిస్తారు. అది పెరిగినా, దాని నుండి దిగే బంధనం సున్నం పట్టి గట్టిపడినా, గొంతుకు, నాలుక మొదటికి పోయే నాడిని ఒరుసుకొనవచ్చును. కొందరిలో మెడలోని రక్తనాళాన్ని నొక్కుతుంది. 1937లో అమెరికా వైద్యుడు వాట్ ఈగిల్ దీనిని వర్ణించినందున ఈగిల్ సిండ్రోమ్ అనే పేరు వచ్చింది. గద్దతో దీనికి సంబంధం లేదు! మొన పొడవైన వారిలో అత్యధికులకు ఏ బాధా ఉండదు కనుక, స్కాన్‌లో కనిపించినంత మాత్రాన బెదరనక్కరలేదు.

మొదట నొప్పి తగ్గించే మందులు, సూదిమందు ఇస్తారు. తగ్గకున్న ఆ మొనను శస్త్రచికిత్సతో తొలగిస్తారు. దానిని కరిగించే కషాయం ఉన్నదని ఎవరు చెప్పినా నమ్మకండి. మెడను బలంగా మర్దన చేయించకండి. మూడు వారాలు దాటిన గొంతునొప్పిని, అందునా పొగాకు అలవాటున్నవారు, వంటింటి వైద్యంతో సరిపెట్టుకొనరాదు. అది పుండో, కంతో కూడా కావచ్చును.

శస్త్రచికిత్స జరిగిన రెండు నెలలకు ఆమె వచ్చి, హాయిగా ఆవులించగలుగుతున్నానన్నారు. పుక్కిలింతకు మాత్రం నా త్రిఫల చూర్ణమే అడిగి పట్టుకుపోయారు.