నేలగులిమిడియు దాని కుటుంబమును

గట్లమీదను బీళ్లలోను మొలచు చేదు మొక్కలను మన రైతులు తఱచుగా నేలవేమనియే పిలుచుచుందురు. అంగళ్లలో హిమాలయమునుండి వచ్చు చిరాతకును ఈ పేరే చెల్లుచున్నది. ఇందువలన నొకదాని వెల యిచ్చి వేఱొకదానిని గొనుట తటస్థించును. చేదు మాత్రము గుఱుతు కానేరదు. పువ్వును కాయను విప్పి చూడవలెను.

చిరాతయు, మన నేలగులిమిడియు జెన్షియను కుటుంబములోనివి. పూర్వము ఇల్లిరియా నేలిన జెంటియసు అను రాజు పేరు దీనికి వచ్చినది. 1789లో జుస్సియో అను ఫ్రెంచి పండితుడు దీనిని ప్రత్యేక కుటుంబముగా వర్ణించెను. ఇందు సుమారు 1,700 జాతులు కలవు. పెక్కులు చలికొండలయందే పెరుగును. నేలగులిమిడి మన యెండకు నోర్చినది.

ఇది జానెడెత్తు మొక్క. ఆకులు సన్నగా, తొడిమ లేక, కణుపునకు రెండేసి యెదురెదురుగా నుండును. అంచున రంపపుపండ్లుండవు, కణుపు పుచ్ఛములును లేవు. చిన్న తెల్లని పువ్వులు ఆకుల పంగలలో గుత్తులుగా నంటుకొని యుండును. ఆకర్షణపత్రములు క్రింద గొట్టమువలె గలిసి, పైన నైదు తమ్మెలుగా విడును. మొగ్గలో నీ తమ్మెలు వత్తి పేనినట్లు మెలిదిరిగి యుండుట యీ కుటుంబమునకు మంచి గుఱుతు. కింజల్కములు తమ్మెలెన్నియో అన్నియే, గొట్టము లోపలి గోడకు నంటియుండును. కాయ యొకే గది. ఎండి రెండు చెక్కలుగా బగిలి సన్నని గింజలను రాల్చును. చిరాత పువ్వునకు మాత్రము తమ్మెలు నాలుగు, కింజల్కములు నాలుగు.

ఇక మన పెరళ్లలోని నేలవేము అడ్డసరపు కుటుంబములోనిది. దాని ఆకులును ఎదురెదురే, చేదును మిక్కుటమే. అయినను పువ్వు రెండు పెదవులుగా చీలి, క్రింది పెదవిమీద ఊదా మచ్చలు గలిగి యుండును, కింజల్కములు రెండే. కాయకు రెండు గదులు; గింజల క్రింద చిన్న కొక్కెములుండును. చేదును వేఱే: నేలవేములో అండ్రోగ్రఫోలైడను పదార్థమును, నేలగులిమిడిలో స్వెర్షియామరిన్ అనునదియు గలవు. కావున నొకటి రెండవదానికి బదులు కాదు.

ఎండుకట్టలలో పువ్వులు సాధారణముగా రాలిపోయి యుండును. కాయలున్న కట్టనే యడిగి తీసికొని, రెండు మూడు కాయలను గోట జీల్చి కొక్కెములున్నవో లేవో చూచి, పిమ్మట వెల మాటలాడుకొనవలెను.