రాళ్లు మాట్లాడాలంటే...

మ్యూజియం అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది హాస్టల్ విహారయాత్ర. వరుసలో లోపలికి వెళ్తాం. విరిగిన రాళ్లు చూస్తాం. కింద చీటీ మీద ఇంగ్లీషులో ఉన్న రెండు ముక్కలు అర్థం కాక బయటికి వస్తాం. ఆ రాయికీ మనకూ మధ్య మాట కలిపేవారు ఉండరు. నేటి సాంకేతిక పరిజ్ఞానం ఆ పని చేయగలదు. ఎలాగో అమరావతిని ఉదాహరణగా తీసుకొని చూద్దాం.

అమరావతి స్తూపాన్ని 1797లో కాలిన్ మెకంజీ చూశాడు. తర్వాతి తవ్వకాల్లో బయటపడిన శిల్పాలు ఒకచోట మిగల్లేదు. కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. వీటిని తెర మీద కలపడానికి ఫొటోగ్రామెట్రీ అనే పద్ధతి ఉంది. ఒక రాయిని చుట్టూ తిరుగుతూ పదుల కొద్దీ ఫొటోలు తీస్తారు. ప్రతి ఫొటోలోనూ పక్క ఫొటోలోని భాగం కొంత రావాలి. కంప్యూటర్ ఆ ఉమ్మడి గుర్తులను పోల్చి రాయి పూర్తి రూపాన్ని తయారుచేస్తుంది.

అరిగిన అక్షరాలకు మరో ఉపాయం ఉంది. కెమెరాను కదపకుండా, లైటును మాత్రం ఒక్కో పక్కనుండి వాలుగా వేస్తూ ఫొటోలు తీస్తారు. గాట్లలో నీడ పడి అక్షరం తేలుతుంది. ఇక రాయి పక్కన క్యూఆర్ కోడ్ అంటిస్తే, ఫోను పెట్టగానే దాని కథ తెలుగులో వినవచ్చు. చదువు రాని అమ్మానాన్నలూ, చూపు లేనివారూ వినవచ్చు.

అయితే ఏ కథ వినిపించాలి? అమరావతి బ్రాహ్మీ శాసనాల్లో ఒకటి ఇలా చెబుతుంది: ఉపాధ్యాయుడు నాగుని కొడుకు, చర్మకారుడు విధికుడు, తల్లి, భార్య, సోదరులు, బిడ్డలు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ స్వీకరించిన రాజముద్ర నడుమ ఉన్నదీ అమరావతి పూర్ణఘటమే. ఆనాటి వృత్తిని ఈనాటి కులంతో నేరుగా ముడిపెట్టలేం. కానీ తోలు పనిచేసే మనిషి తన పేరును రాతిమీద నిలిపాడు. అతని తండ్రి పాఠం చెప్పేవాడు. ఇంట్లో మొదటి డిగ్రీ మాదేనని చెప్పుకొనే మాలాంటివాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. చీటీ మీద 'పూర్ణకుంభం, సున్నపురాయి' అని మాత్రమే రాస్తే ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది?

యంత్రం తనంతట తాను చరిత్ర చెప్పదు. మనం రాసి ఇచ్చిందే చెబుతుంది. రాజుల పేర్లే రాసి ఇస్తే రాజుల పేర్లే పలుకుతుంది.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ సెలవుల్లో మీ ఊరికి వెళ్లినప్పుడు డప్పు కట్టే తాతనూ, మగ్గం నేసే అవ్వనూ అడిగి, వారు ఒప్పుకుంటే వారి మాటలను ఫోనులో రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ తప్పక రాసిపెట్టండి. రేపటి మ్యూజియంలో వినిపించవలసిన గొంతులు అవే.