వేరు మార్చుకొని నిలిచిన ద్రాక్షతోట

మామిడికి అంటు కట్టేటప్పుడు మా తాతగారు ఒక మాట అనేవారు: "పై కొమ్మ రుచి కోసం, కింది వేరు బ్రతుకు కోసం." ఆ సూత్రమే ఒకనాడు ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలను కాపాడిందని చాలా ఏళ్ళ తరువాత చదివి ఆశ్చర్యపోయాను. వైన్ అనగానే మన ఇళ్ళలో కనుబొమలు ముడిపడతాయి. ఈ వ్యాసకర్తకు ఆ అలవాటు లేదు. ఎవరికీ అలవాటు చేసే ఉద్దేశమూ లేదు. అయితే దాని వెనుకనున్న విజ్ఞానం ఇంజనీరు చదువదగినదే.

ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్టు అనే సూక్ష్మజీవి ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. లీటరు రసంలోని సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాలునిస్తుంది. ఈ చర్యలో వేడి పుడుతుంది. దానిని అదుపు చేయకపోతే సువాసన నశిస్తుంది, ఈస్టు కూడా చనిపోవచ్చు. రంగు రసంలో కాక తొక్కలో ఉంటుంది. నల్లద్రాక్షను తొక్కలతోనే పులియబెడితే ఎరుపు వైన్, కొద్ది గంటలుంచి తొక్కలు తీసివేస్తే గులాబిరంగు వైన్ వస్తాయి. రసాన్ని ముందే పిండి వేరు చేస్తే నల్లద్రాక్ష నుండి సైతం తెల్ల వైన్ తీయవచ్చు. మధ్యలో బ్రాందీ కలిపి చర్యను ఆపితే, మిగిలిన చక్కెరతో తియ్యగా ఉండే పోర్చుగీసు 'పోర్ట్' తయారవుతుంది.

హైదరాబాదుకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి తినడానికి పనికివచ్చే ద్రాక్ష. వైన్ ద్రాక్షపండు చిన్నది. తొక్క మందం, గింజలెక్కువ. బోర్డో ప్రాంతానికి కాబెర్నే సావిన్యోఁ, బర్గండీకి పినో నువార్, షార్డొనే, జర్మనీలోని మోసెల్ లోయకు రీస్లింగ్ ప్రసిద్ధి. ఈ తోటలలో అధికభాగం 30, 50 డిగ్రీల అక్షాంశాల నడుమ ఉన్నాయి. మన నాసిక్ 20 డిగ్రీల వద్దనే ఉన్నా, ఎత్తైన పీఠభూమి కావడం వల్లా, వానలు వెలిశాక శీతకాలంలో పంట పండించడం వల్లా అక్కడా వైన్ ద్రాక్ష సాధ్యమైంది.

ఇక అసలు కథ. 1860 దశకంలో దక్షిణ ఫ్రాన్సులో ద్రాక్షతీగలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. చచ్చిన తీగను పెకలించి చూస్తే వేరు కుళ్ళి ఉండేది గాని, ఏ పురుగూ కనిపించేది కాదు. 1868లో ప్లాంషోఁ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు పక్కనున్న, ఇంకా పచ్చగా ఉన్న తీగల వేళ్ళను పరిశీలించారు. అక్కడ దొరికింది, రసం పీల్చే అతిసూక్ష్మమైన పసుపు పచ్చని కీటకం. దాని పేరు ఫిలాక్సెరా. వేరు చనిపోగానే అది మరో తీగకు వలస పోయేది. ఆగిపోయిన యంత్రాన్ని మాత్రమే విప్పి చూసే మనకు ఇదొక పాఠం: నడుస్తున్న పక్క యంత్రాన్నీ చూడాలి.

ఈ కీటకం అమెరికా నుండి దిగుమతియైన తీగలతో వచ్చింది. 1875లో దాదాపు 8 కోట్ల 40 లక్షల హెక్టోలీటర్లున్న ఫ్రెంచి వైన్ ఉత్పత్తి 1889 నాటికి సుమారు 2 కోట్ల 30 లక్షలకు పడిపోయింది. ఎన్నో కుటుంబాలు ఊళ్ళు విడిచిపోయాయి. పరిష్కారం చూపినవారికి ప్రభుత్వం 3 లక్షల ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. అది చివరకు ఎవరికీ దక్కలేదు. భూమిలోకి కార్బన్ డైసల్ఫైడ్ ఎక్కించారు, వీలున్నచోట తోటలను నీట ముంచారు. కడకు నిలిచిన మార్గం అంటు కట్టడమే. తెగులుకు మూలమైన అమెరికా నేలలోని తీగలు ఆ కీటకంతోనే పెరిగి దానిని తట్టుకోవడం నేర్చాయి. ఆ వేరుపై ఫ్రెంచి కొమ్మను నిలిపారు. రుచి చెడుతుందని రైతులు భయపడ్డారు గాని, పండు కొమ్మ గుణాన్నే నిలుపుకొంది.

అయితే కథ అక్కడితో ముగియలేదు. కాలిఫోర్నియాలో ఏఎక్స్ఆర్-1 అనే ఒకే వేరురకాన్ని విస్తారంగా నాటారు. దిగుబడి బాగుండేది. దాని తల్లిదండ్రులలో ఒకటి యూరపు ద్రాక్ష గనుక అది తట్టుకోలేదని ఇతర దేశాల అనుభవం ముందే హెచ్చరించింది. 1980 దశకంలో ఫిలాక్సెరా దానిని పట్టుకుంది. వేలాది ఎకరాలను పెకలించి మళ్ళీ నాటవలసి వచ్చింది.

ఇది చదివినప్పుడు నా ఉద్యోగపు తొలినాళ్ళ రాత్రి ఒకటి గుర్తుకొచ్చింది. చల్లబరిచే నీటి పంపు ఆగింది. స్టాండ్‌బై పంపు ఉందన్న ధీమాతో మీట నొక్కాను. అదీ నీరెత్తలేదు. రెంటికీ ముందున్న జల్లెడ ఒక్కటే, అది పూడుకుపోయింది. రెండు పంపులున్నాయని లెక్క వేసుకున్నాము గాని, వేరు ఒక్కటేనని గమనించలేదు. ఆ రాత్రి ఎవరికీ ప్రమాదం జరగకపోవడం మా అదృష్టం; మా జాగ్రత్త ఫలితం కాదు.

ఇంకొక్క మాట. ఫిలాక్సెరా తరువాత బోర్డోలో దాదాపు కనుమరుగైన కార్మెనేర్ అనే రకాన్ని 1994లో చిలీ దేశపు తోటలలో గుర్తించారు. మెర్లో అన్న మరో పేరుతో అది అక్కడ ఏళ్ళ తరబడి పెరుగుతూనే ఉంది. ఆ తెగులు సోకని నేలలో దూరంగా నాటిన కొన్ని తీగలు ఒక వంశాన్ని నిలిపాయి.

మన దేశంలోనూ మహారాష్ట్ర, కర్ణాటక రైతులు నీటిఎద్దడిని, ఉప్పునేలను తట్టుకునేందుకు 'డాగ్రిడ్జ్' అనే అమెరికా వేరుపై ద్రాక్షను అంటు కడుతున్నారు. పై కొమ్మను మెచ్చుకొనేవారు ఎందరో ఉంటారు. కింది వేరును అప్పుడప్పుడు తవ్వి చూసేవారే తోటను నిలబెడతారు.