ఇంటర్వ్యూలో గేదెల లెక్క

ఇంటర్వ్యూ అంటే నోటితో చెప్పే పరీక్ష. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టి ఏం చదివావు, ఈ పని చెయ్యగలవా అని అడుగుతారు. కాని కొందరు ఇంకో పనికి ఇంటర్వ్యూ పెడతారు. మన దగ్గర ఎంత డబ్బు దొరుకుతుందో తెలుసుకోడానికి. అది ఎట్లా ఉంటుందో మా అన్నకి జరిగింది చెప్తే మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

అన్న అంటే మా పెదనాన్న కొడుకు. బి.ఏ. పాసయ్యాడు. విస్సన్నపేట బస్టాండు దగ్గర గోడ మీద ఒక కాగితం చూశాడు. "రైల్వేలో టికెట్ కలెక్టర్ ఉద్యోగాలు. పరీక్ష లేదు. ఇంటర్వ్యూ మాత్రమే" అని ఉందంట. కింద ఫోన్ నెంబరు తప్ప ఆఫీసు పేరు లేదు. ఫోన్ చేస్తే విజయవాడ రమ్మన్నారు. మేడ మీద ఒక గది, ఒక టేబులు, గోడకి రైలు బొమ్మ క్యాలెండరు. బయట బోర్డు కూడా లేదు.

ముందు టీ ఇచ్చారంట. తర్వాత ప్రశ్నలు. మీ నాన్న ఏం చేస్తాడు? పొలం ఎంత ఉంది? పట్టా ఎవరి పేరు మీద ఉంది? గేదెలు ఎన్ని? మీ చుట్టాల్లో గవర్నమెంటు ఉద్యోగం చేసేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? బి.ఏ.లో ఏం చదివాడో ఒక్క ముక్క అడగలేదు. ఉద్యోగస్తులు ఎవరూ లేరు అనగానే ఆ మనిషి మొహం వెలిగిపోయిందంట. ఎందుకంటే అలాంటివాళ్ళు ఇంట్లో ఉంటే మోసం వెంటనే కనిపెట్టేస్తారు కదా. ఇది నేను అనుకున్నది, అన్న కూడా అవునన్నాడు.

ఐదు నిమిషాల్లో "సెలక్టయ్యావు తమ్ముడూ" అన్నారు. "ఎస్టీ కోటాలో ఒక్క పోస్టే మిగిలింది. రేపు సాయంత్రంలోగా 80 వేలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకురా" అన్నారు. ఈ తొందరపెట్టడం కూడా ఒక ఎత్తు. ఎవరినన్నా అడిగే టైము మనకి ఉండకూడదని. ఇక సర్టిఫికెట్లు వాళ్ళ చేతిలో పడితే తర్వాత ఎంత అడిగినా ఇవ్వాల్సిందే, గొడవ పెట్టలేం. పెద్దమ్మ అయితే రెండు గేదెలు అమ్మడానికి బేరగాడిని కూడా పిలిపించింది. అన్న పొద్దున్నే కాలేజీకి పోయి వాళ్ళ లెక్చరర్ గారిని అడిగాడు. గేదెలు మా పెద్దమ్మ దగ్గరే ఉన్నాయి.

లెక్చరర్ గారు చెప్పింది ఏమిటంటే, టికెట్ కలెక్టర్ లాంటి ఉద్యోగాలకి అసలు ఇంటర్వ్యూయే లేదు. 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు తీసేసింది. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు కంప్యూటర్ మీద పరీక్ష పెడుతుంది. పాసయితే సర్టిఫికెట్లు చూస్తారు, డాక్టరు పరీక్ష చేస్తారు. అంతే. అంటే ఇంటర్వ్యూకి రమ్మని పిలవడమే అబద్ధం.

బాగా చదివినవాళ్ళు కూడా ఇందులో పడ్డారు. 2022లో తమిళనాడు నుంచి 28 మందిని రైల్వే ఉద్యోగాలని చెప్పి ఢిల్లీ తీసుకుపోయారు. ట్రైనింగ్ అని న్యూఢిల్లీ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి, రోజుకి 8 గంటలు వచ్చే పోయే రైళ్ళని, పెట్టెలని లెక్కపెట్టించారు. అట్లా నెల రోజులు! నాకు నవ్వొచ్చింది. కాని ఒక్కొక్కరు 2 లక్షల నుంచి 24 లక్షల దాకా కట్టారు, అందరిదీ కలిపి 2 కోట్ల 67 లక్షలు అని తెలిసి నవ్వు ఆగిపోయింది. వాళ్ళల్లో ఇంజనీరింగ్ చదివినవాళ్ళు ఉన్నారు.

అన్నకి మళ్ళీ ఫోన్ చేశారంట, 80 వేలు కాదులే, 40 చాలు అని. గవర్నమెంటు ఫీజు బేరమాడితే తగ్గుతుందా?

నిజం ఫీజు ఎంతో కూడా చెప్తాను. రైల్వే పరీక్షకి ఎస్టీలకి, ఎస్సీలకి, ఆడవాళ్ళకి 250 రూపాయలు. పోయి పరీక్ష రాస్తే బ్యాంకు ఖర్చు పట్టుకుని మిగతాది మన ఖాతాలో తిరిగి వేస్తారు. ఈ సంగతి మన టెన్త్ అక్కలని అడిగి చూశాను, ఒక్కరికీ తెలియదు.