వలలో ఒక తలుపు

అమెరికాలోని జార్జియా తీరంలో డేరియన్ అని ఒక చిన్న ఊరు ఉంది. 1960ల చివర ఆ ప్రాంతపు రొయ్యల వేటగాడు సింకీ బూన్‌కు జెల్లీ చేపలు పెద్ద బెడదగా తయారయ్యాయి. వల వేస్తే చాలు, గుట్టలుగా పడేవి. వల బరువెక్కేది, లోపలి రొయ్య నలిగిపోయేది, మిగిలిన రొయ్యను ఆ జిగట ముద్దలోంచి ఏరుకోవాల్సి వచ్చేది. విసిగిపోయిన బూన్ లోహపు చువ్వలతో ఒక చట్రం చేయించి వల మధ్యలో ఏటవాలుగా బిగించాడు. రొయ్య చువ్వల సందులోంచి వెనక సంచిలోకి పోతుంది. లావుపాటిది ఏదైనా చువ్వలకు తగిలి, ఆ ఏటవాలు వెంట జారి, అక్కడ పెట్టిన కంతలోంచి బయటపడుతుంది. తోటి వేటగాళ్ల నోట ఆ చట్రం 'జార్జియా జంపర్' అయింది.

ఆ జంపరే తర్వాత 'టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్' అనే పొడవాటి పేరుతో ప్రపంచమంతా తిరిగింది. పొట్టిగా టెడ్. బంగాళాఖాతం ఒడ్డుకు వచ్చేసరికి దాని వెంట ఒక అంతర్జాతీయ వ్యాజ్యం కూడా వచ్చింది.

ట్రాల్ వల పనితీరు తెలిస్తే ఈ కథ సులువుగా అర్థమవుతుంది. అది ముందు వెడల్పుగా, వెనక్కి పోనుపోను సన్నగా ఉండే పెద్ద వల. నోటికి రెండు వైపులా బరువైన బోర్డులుంటాయి. బోటు ముందుకు లాగుతుంటే నీటి ఒత్తిడికి ఆ బోర్డులు ఎడంగా జరిగి వల నోటిని తెరిచి ఉంచుతాయి. వల అడుగు తాడు సముద్రపు నేలను రాసుకుంటూ పోతుంది. రొయ్య ఉండేది అక్కడే కాబట్టి రొయ్య దొరుకుతుంది. దాంతోపాటు అక్కడున్న సమస్తమూ దొరుకుతుంది: చేప పిల్లలు, పీతలు, గవ్వలు, టేకు చేపలు, తాబేళ్లు. ఒకసారి వల వేస్తే రెండు మూడు గంటలు లాగుతారు. పైకెత్తి సంచి ముడి విప్పే దాకా లోపల ఏముందో బోటు నడిపే సరంగుకు కూడా తెలియదు.

తాబేలుకు ప్రాణాంతకమయ్యేది ఆ రెండు మూడు గంటలే. సముద్ర తాబేలు మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు చాలాసేపు నీటి అడుగున ఉండగలదు కానీ, వలలో చిక్కి పెనుగులాడితే ఒంట్లో ఉన్న ఆక్సిజన్ త్వరగా ఖర్చయిపోతుంది. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1990లో వేసిన లెక్క ఇక్కడ చూడాలి. గంటలోపు వల ఎత్తేస్తే తాబేళ్ల మరణాలు దాదాపు లేవు. గంట దాటితే వేగంగా పెరుగుతాయి. 200 నిమిషాలు దాటిన వలల్లో సుమారు సగం చచ్చి తేలుతున్నాయి. అమెరికా జలాల్లో రొయ్యల వలల వల్ల ఏడాదికి 5,000 నుంచి 50,000 లాగర్‌హెడ్ తాబేళ్లు చనిపోతున్నాయని ఆ నివేదిక అంచనా.

అప్పటికే అక్కడి ప్రభుత్వం రంగంలోకి దిగింది. 1980ల మొదట్లో జాతీయ సముద్ర మత్స్య విభాగం ఇంజనీర్లు సొంతంగా ఒక పంజరం లాంటి పరికరం తయారు చేశారు. తాబేళ్లను బాగానే బయటికి పంపేది. కానీ బరువు ఎక్కువ, డెక్ మీద అటూ ఇటూ జరపాలంటే ప్రమాదం. వేటగాళ్లు ముట్టుకోలేదు. చివరికి ఆ విభాగమే బూన్ చట్రం లాంటి తేలికపాటి నమూనాల దగ్గరికి తిరిగి వచ్చింది. వేటగాడి చేతిలో పుట్టిన వస్తువు ఆఫీసుల చుట్టూ తిరిగి 1987లో నిబంధన రూపంలో మళ్లీ వేటగాడి దగ్గరికే చేరింది. తాను చేసుకున్నప్పుడు ఉపాయం అనిపించినది, తప్పనిసరి అన్నాక అతనికి జరిమానాలా కనిపించింది. 1989 జులైలో టెక్సస్ రొయ్యల బోట్లు వరసగా నిలబడి రేవు దారులను మూసేశాయి. చట్రం బిగించుకుని, కంతను మాత్రం తాడుతో కుట్టేసిన బోట్లు కూడా తనిఖీల్లో పట్టుబడ్డాయి.

అదే 1989లో అమెరికా కాంగ్రెస్ 609వ సెక్షన్ తెచ్చింది. తాబేళ్లను కాపాడే ఏర్పాటు లేని దేశాల నుంచి సముద్రపు రొయ్యను కొనకూడదన్నది దాని సారాంశం. మొదట కరీబియన్, పశ్చిమ అట్లాంటిక్ దేశాలకే వర్తించినా, 1996 మే నుంచి ప్రపంచం మొత్తానికీ వర్తించింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థ మెట్లెక్కాయి. 1998 అక్టోబర్ 12న అప్పీలు మండలి ఇచ్చిన తీర్పు ఇప్పటికీ న్యాయ విద్యార్థులకు పాఠమే. తాబేళ్లను కాపాడాలనే ఉద్దేశంలో తప్పు లేదని మండలి ఒప్పుకుంది. అమలు చేసిన తీరు మాత్రం పక్షపాతమేనంది. కరీబియన్, పశ్చిమ అట్లాంటిక్ దేశాలకు అమెరికా మూడేళ్ల గడువు ఇచ్చి సాంకేతిక సాయం కూడా చేసింది. మనలాంటి దేశాలకు ఇచ్చింది నాలుగు నెలలు. వేల బోట్ల వలలను నాలుగు నెలల్లో మార్చేయమనడం సముద్రం ఎరిగినవాడు అడిగే మాట కాదు.

మన తీరంలో వలల్లో పడే తాబేలు ఎక్కువగా ఆలివ్ రిడ్లీ. పెద్దది 35 నుంచి 50 కిలోలు తూగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులితో సమానమైన రక్షణ. నవంబర్ నుంచి ఇవి ఒడ్డుకు దగ్గరగా చేరి జత కడతాయి. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలకు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. ఆంధ్ర తీరానికి అలా మందలుగా రావు, విడివిడిగా వస్తాయి. శ్రీకాకుళం నుంచి దక్షిణం దాకా చాలా ఇసుక తీరాలు వీటికి నెలవు. కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్ వాటిలో ఒకటి. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడిన ఇసుక దీవి అది. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని ముందుకు సాగిన నీళ్లే చివరికి ఈ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకను పేర్చాయి. సముద్రం చూడని జిల్లాలకు కూడా ఈ కథతో చుట్టరికం ఉందన్నమాట. జనవరి నుంచి మార్చి వరకు విశాఖ, భీమిలి, కాకినాడ తీరాల్లో చచ్చిన ఆలివ్ రిడ్లీలు ఒడ్డుకు కొట్టుకురావడం ఏటా కనిపించే దృశ్యమే. తాబేలుకు పిల్లలు పుట్టే వయసు రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. అందుకే గుడ్లు పెట్టడానికి వచ్చిన ఒక్క ఆడ తాబేలు పోవడం కూడా పెద్ద నష్టమే.

విశాఖకు ట్రాలింగ్ కొత్త కాదు. అక్కడి ఫిషింగ్ హార్బర్ 1976లో మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో 'మెక్సికన్ ట్రాలర్లు' అని పిలిచే 23 మీటర్ల ఓడలు అక్కడి నుంచి బెంగాల్ ముఖద్వారం దాకా టైగర్ రొయ్య కోసం వెళ్లేవి. ఫ్రీజర్‌లో చోటు రొయ్యకే కాబట్టి, దాంతో పడిన చేపలో చాలా భాగాన్ని నీళ్లలోకే తోసేసేవారు. చిన్న మర బోట్ల లెక్క వేరు. వాటికి చేపా కావాలి, కండవాయీ కావాలి, పీతా కావాలి. ఎండబెట్టినా, కోళ్ల మేతకు అమ్మినా 'చెత్త చేప'కు సైతం ఓ ధర ఉంటుంది. టెడ్ ఇక్కడ తడబడటానికి మూలం ఇదే. అమెరికా వేటగాడికి కావలసింది రొయ్య ఒక్కటే. అందుకే అక్కడి నిబంధన చువ్వల మధ్య ఎడం నాలుగు అంగుళాలు మించొద్దంది. అదే చట్రాన్ని మన బోటుకు తగిలిస్తే కాస్త పెద్ద చందువాలు కూడా కంతలోంచి వెళ్లిపోతాయి. ఇంటికి డబ్బు తెచ్చేది ఆ చేపే.

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు పట్టించుకున్నది ఈ చిక్కునే. 1957లో ఏర్పడిన ఈ సంస్థకు విశాఖలో కూడా పరిశోధనా కేంద్రం ఉంది. వారు తయారు చేసిన టెడ్ ఒక మీటరు పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పు గల కోడిగుడ్డు ఆకారపు స్టెయిన్‌లెస్ స్టీలు చట్రం. లోపల నిలువు చువ్వలు. చూస్తే పాత ఇంటి కిటికీలాగే ఉంటుంది. చువ్వల మధ్య ఎడాన్ని సుమారు 14 సెంటీమీటర్లకు పెంచారు. చట్రాన్ని వల గొట్టంలో ఏటవాలుగా నిలబెట్టి చుట్టూ తాడుతో కుడతారు. దాని పైభాగాన వలకు కంత, ఆ కంత మీద వల ముక్కతో రెప్ప. మామూలుగా నీటి ఒత్తిడికి రెప్ప మూసుకునే ఉంటుంది. తాబేలు చువ్వలకు గుద్దుకుని, పైకి జారి, తలతో రెప్పను నెట్టుకుని బయటపడుతుంది. పరీక్షల్లో రొయ్య నష్టం 1 శాతం లోపు, మిగతా చేపల నష్టం 2 నుంచి 3 శాతం దాకా తేలింది.

సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా తూర్పు తీరంలోనూ కేరళలోనూ బోట్లకు వీటిని ఉచితంగా పంచింది. చాలా చట్రాలు వలలోకి ఎక్కలేదు. కారణం మొండితనమేనని తేల్చేస్తే వేటగాళ్లకు అన్యాయం చేసినట్టే. చెట్టు కొమ్మో ప్లాస్టిక్ సంచో చువ్వలకు అడ్డుపడితే రెప్ప తెరిచే ఉండిపోతుంది, మూడు గంటల వేట కంతలోంచి కారిపోతుంది. డీజిలు ఖర్చు మాత్రం తగ్గదు. పరీక్షలో 3 శాతమన్నది సగటు, సరంగు గుర్తుంచుకునేది ఆ ఒక్క చెడ్డ రోజును. పైగా బోటు మీద పనిచేసే కళాసీలకు జీతం కాదు, పట్టిన దాంట్లో వాటా.

ఆస్ట్రేలియా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఉత్తర తీరపు రొయ్యల వేటలో 2000లో టెడ్ తప్పనిసరి చేశారు. శాస్త్రవేత్తలు బోట్లెక్కి 2001లో లెక్కలు తీశారు. వలలో చిక్కే తాబేళ్లు 99 శాతం తగ్గాయి, టేకు జాతి చేపలు 36 శాతం తగ్గాయి. రొయ్యలోనూ 6 శాతం పోయింది, దాన్ని దాచలేదు. కానీ నలిగిన, మెత్తబడిన రొయ్య 41 శాతం తగ్గింది. సంచిలో పెద్ద జంతువు పొర్లకపోతే రొయ్య నిగనిగలాడుతూ వస్తుంది, రేవులో ధర పెరుగుతుంది. వేటగాళ్లకు ముందుగా చెప్పాల్సింది ఈ లెక్కే.

తాబేలు పెద్ద ప్రాణి కాబట్టి చట్రంతో పని జరిగింది. చేప పిల్లల సంగతి అంత తేలిక కాదు, రొయ్యకూ వాటికీ ఒడ్డూ పొడుగూ దాదాపు ఒకటే. ఇక్కడ పనికొచ్చేది వల కన్ను. మామూలు వల కన్ను డైమండ్ ఆకారం. లాగేకొద్దీ బిగుసుకుని సన్నని చీలికైపోతుంది. అదే వలను 45 డిగ్రీలు తిప్పి కుడితే కన్ను చదరంగా ఉంటుంది. లాగినా మూసుకోదు, పిల్ల జారిపోతుంది. గుజరాత్ ప్రభుత్వం ట్రాల్ సంచికి 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను ఉండాలని నిబంధన పెట్టింది. కొచ్చి సంస్థ వారే రొయ్యనూ చేప పిల్లనూ వేరుచేసే ఇంకో పరికరం కనిపెట్టి 2005లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 'స్మార్ట్ గేర్' పోటీలో బహుమతి గెలిచారు.

కన్ను కొలత మంచినీటి చెరువుల్లోనూ ముఖ్యమే. జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ రిజర్వాయరు, మహబూబాబాద్ జిల్లా బయ్యారం పెద్ద చెరువు, భూపాలపల్లి జిల్లా గణపసముద్రం లాంటి చోట్ల ట్రాలర్లుండవు, తెప్పల మీద వేసే వలలుంటాయి. తెలంగాణ ప్రభుత్వ పథకంలో చెరువులకు ఇచ్చే చేప పిల్ల 35–40 మిల్లీమీటర్లు, రిజర్వాయర్లకు ఇచ్చేది 80–100 మిల్లీమీటర్లు. బొచ్చె, రవ్వు అయితే నీళ్లు చాలినంత కాలం ఉంటే కిలో తూగుతాయి. సన్న కన్ను వల వాటిని అరచేతి సైజులోనే పైకి లాగేస్తుంది. చెరువులో ఏ కన్ను వల దిగాలో, ఎప్పుడు దిగాలో మత్స్య సహకార సంఘం కూర్చుని తేల్చుకోగలదు. నష్టం, లాభం రెండూ అదే ఊరి వాళ్లవి కాబట్టి ఆ మాట నిలుస్తుంది.

సముద్రంలో ఆ సౌలభ్యం లేదు. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్లు ఆగుతాయి గానీ, తాబేళ్లు ఎక్కువగా చిక్కే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు వేటకు మంచి కాలం. 2010 దశకం చివరి నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. చెరువుల్లో పెంచిన వనామీ రొయ్య ఎగుమతి ఆగలేదు కాబట్టి ఆంధ్రలో ఈ దెబ్బ పెద్దగా కనబడలేదు, తగిలింది సముద్రానికి వెళ్లే బోట్లకే. ఆ తర్వాత కొచ్చి సంస్థ, ఎంపెడా కలిసి అమెరికా నిపుణుల సలహాతో చట్రాన్ని సరిదిద్ది మళ్లీ బోట్ల మీద పరీక్షించాయి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద దీని ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించే ఏర్పాటుంది. స్టీలు ధర ఇక సమస్య కాదు. చెడ్డ రోజున కారిపోయిన వేటకు కళాసీ వాటాలో పడే లోటును ఎవరు పూడుస్తారన్నది మాత్రం ఇంకా తేలలేదు. కొత్త చట్రాలు ఒడ్డునే ఉండిపోకూడదంటే, వాటిని పంచేముందు హార్బర్లలో సరంగులతోనూ కళాసీలతోనూ కూర్చుని తేల్చాల్సింది ఆ ఒక్క లెక్కే.